సంతకం ఖరీదెంత?

“అమెరికా అమ్మాయిని చేసుకున్నాడు. ఇంకేం, వాళ్ళింటి దశ తిరిగిపోయింది!”

2023 శ్రావణంలో గుడివాడలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దావిడ అన్న మాట ఇది. పెళ్ళికూతురు మా పెద్దమ్మగారి మనవరాలు. నన్ను పిన్ని అని పిలుస్తుంది. పదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో వెళ్ళి, అక్కడే చదువుకుని ఆ దేశ పౌరురాలైంది. పెళ్ళికొడుకు ఇక్కడ జూనియర్ కాలేజీలో లెక్చరరు. బుద్ధిమంతుడు. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు.

ఆ పెద్దావిడకి నేను జవాబు చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. కానీ నాకు తెలుసు, ఆ పిల్ల డల్లాస్ దగ్గర ఒక దుకాణంలో గంటల లెక్కన పనిచేస్తూ, మిగతా టైములో చదువుకుంటోందని. తండ్రి పోయి ఆరేళ్ళయింది. తల్లి, అంటే మా అక్క, ఒక హోటలు వంటింట్లో పనిచేస్తుంది. అమెరికా అనగానే మన కళ్ళకి పెద్ద ఇల్లూ, రెండు కార్లూ, కంప్యూటరు ఉద్యోగమూ కనిపిస్తాయి. గంటల జీతం తీసుకుని, అద్దె కట్టి, నెలాఖరుకి చిల్లర లెక్కపెట్టుకునే తెలుగు కుటుంబాలు కూడా అక్కడ ఉన్నాయన్న సంగతి మన ఊళ్ళకి ఇంకా చేరలేదు.

2025 వేసవిలో ఒక రాత్రి ఆ పిల్ల ఫోను చేసింది. “పిన్నీ, నా జీతం చాలదట. ఆయన్ని తీసుకురావడానికి నేను సరిపోనట. మనవాళ్ళలో ఎవరైనా నాతోపాటు సంతకం పెడతారేమో కాస్త కనుక్కో” అంది. గొంతులో ఏడుపు లేదు. సిగ్గు ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పెళ్ళి చేసుకున్న మనిషితో ఒక కప్పు కింద ఉండాలనుకోవడానికి సిగ్గుపడాల్సిన అవసరం ఏమొచ్చింది?

“ఆ కాగితాలు నాకు పంపించు, చదువుతాను” అన్నాను. డిగ్రీలో నేర్చుకున్న ఇంగ్లీషు పద్దెనిమిదేళ్ళుగా పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీదే ఖర్చవుతోంది నాకు. నిఘంటువు పక్కన పెట్టుకుని వారం రోజులు చదివాను. చదివినకొద్దీ, ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు, ఇలాంటి సంబంధం ఇచ్చుకునే, పుచ్చుకునే ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతి అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు ఏమిటీ కాగితం?

ముందుగా ఒక తేడా చెప్పాలి. హెచ్-1బి ఉద్యోగం మీద వెళ్ళినవాళ్ళ భార్యలకి ఇచ్చే హెచ్-4 తాత్కాలిక వీసా. దానికి ఈ పూచీకత్తు అక్కర్లేదు. నేను చెప్పేది ఇమిగ్రెంట్ వీసా సంగతి. అంటే అక్కడి పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో తమ భార్యనో భర్తనో శాశ్వతంగా ఉండటానికి పిలిపించుకునే వీసా. దానికి ఐ-864 అనే పూచీకత్తు పత్రం ఇవ్వాలి. “ఈ మనిషి మీ దేశానికి వచ్చాక ప్రభుత్వం మీద పడకుండా నేను చూసుకుంటాను” అని పిలిపించుకునేవాళ్ళు చేసే ప్రమాణం అది.

ఈ భయం అమెరికాకి కొత్తది కాదు. తమని తాము పోషించుకోలేక సర్కారుకి భారమయ్యేవాళ్ళని రానివ్వకూడదని 1882లోనే చట్టం చేసుకున్నారు. అయితే చాలాకాలం ఈ పూచీకత్తు నీతికి సంబంధించిన మాటగానే ఉండేది. మాట తప్పితే కోర్టుకి ఈడ్చడం కుదిరేది కాదు. 1996లో చట్టం మార్చి, దీన్ని కోర్టులో చెల్లే ఒప్పందంగా చేశారు. 1997 డిసెంబరు నుంచి ఈ ఐ-864 వాడుకలోకి వచ్చింది. అప్పటినుంచి ఇది మన దగ్గర బ్యాంకు అప్పుకి పెట్టే జామీను సంతకం లాంటిదే. ఆ మాటకొస్తే అంతకంటే గట్టిది.

లెక్క ఇలా ఉంటుంది

అక్కడి ప్రభుత్వం ఏటా పేదరికానికి ఒక గీత గీస్తుంది. సంతకం పెట్టేవాళ్ళ ఆదాయం ఆ గీతకి 125 శాతం ఉండాలి. సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళు తమ భార్యాభర్తల్ని పిలిపించుకుంటే మాత్రం 100 శాతం చాలు. 2025లో ఇద్దరున్న ఇంటికి గీత 21,150 డాలర్లు. దానికి 125 శాతం అంటే 26,437 డాలర్లు. ముగ్గురైతే 33,312. నలుగురైతే 40,187. ఇంట్లో తల లెక్కపెట్టేటప్పుడు సంతకం పెట్టేవాళ్ళూ, రాబోయే మనిషీ, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళూ అందరూ వస్తారు. లోగడ అమ్మానాన్నల్ని ఇలాగే పూచీ పడి తీసుకొచ్చి ఉండి, ఆ పూచీ ఇంకా నడుస్తూ ఉంటే వాళ్ళూ లెక్కలోకి వస్తారు. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

26,437 డాలర్లంటే మన రూపాయల్లో చూసి “అబ్బో” అనుకుంటాం, “అమెరికాలో అదెంత?” అని కూడా అనుకుంటాం. రెండూ తొందరపాటే. అక్కడ కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009 జులైలో పెట్టిన రేటు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో అదే నడుస్తోంది. వారానికి నలభై గంటల చొప్పున ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా నాగా లేకుండా పనిచేస్తే 15,080 డాలర్లు వస్తాయి. అంటే కనీస వేతనం మీద బతికే మనిషి, ఎంత ఒళ్ళొంచి కష్టపడినా సరే, తన ఒక్క జీతంతో మొగుణ్ణో పెళ్ళాన్నో తెచ్చుకోలేదు. గీత అందుకోవాలంటే గంటకి 12.71 డాలర్లు రావాలి. చట్టం పేదవాళ్ళని పెళ్ళి చేసుకోవద్దనదు. కలిసి ఉండటానికి మాత్రం అడ్డం పడుతుంది.

మా పిల్లకి ఏడాదికి వచ్చేది 19,000. ఇంకా 7,437 తక్కువ. ఆ తక్కువని ఆస్తితో పూడ్చుకోవచ్చు. పౌరులు తమ భార్యాభర్తల్ని పిలిపించుకుంటే తక్కువపడ్డ సొమ్ముకి మూడింతల ఆస్తి చూపించాలి. అంటే మా పిల్ల విషయంలో 22,311 డాలర్లు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్ళు పిలిపించుకుంటే అయిదింతలు. ఆ ఆస్తి ఏడాదిలోపు డబ్బుగా మార్చుకోగలిగేదై ఉండాలి. వచ్చే మనిషికి ఇక్కడ సొంత ఆస్తి ఉంటే, విలువ కట్టించి అదీ చూపించుకోవచ్చు.

“అబ్బాయికి ఇక్కడ జీతం ఉందిగా, అది లెక్కలోకి రాదా?” అని అడిగాను నేను. రాదు. అక్కడికి వెళ్ళాక కూడా అదే పని నుంచి వస్తూ ఉండే ఆదాయమైతేనే లెక్క. గుడివాడ కాలేజీ జీతం డల్లాస్‌కి వెంట రాదు గదా! పోనీ పొలం? పొలం అబ్బాయి పేరున లేదు, వాళ్ళ నాన్నగారి పేరున ఉంది. “అబ్బాయి పేర రాస్తే పనవుతుందేమో” అని మెల్లిగా కదిపి చూశాం. “అమ్మాయి అమెరికాలో ఉండగా మా పొలం ఎందుకండీ?” అన్నారాయన. తప్పుపట్టలేను. పెళ్ళినాడు ఆ పెద్దావిడ అనుకున్నట్టే ఆయనా అనుకున్నారు.

ఇంకో సంగతి. ఆదాయానికి సాక్ష్యం పన్ను కాగితం. చేతికి నగదు తీసుకుని, లెక్కల్లో చూపించని సంపాదన ఎంతున్నా ఇక్కడ సున్నాయే. దుకాణాల్లో, హోటళ్ళలో, ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకుంటూ నగదు తీసుకునే ఆడవాళ్ళకి ఈ దెబ్బ బాగా తగులుతుంది. కష్టం వాళ్ళదే, కాగితం మాత్రం లేదు.

నా కోపం దిగిన వైనం

అమ్మాయి ఆదాయం చాలకపోయినా పిలిపించుకునే మనిషి కాబట్టి తను ఎలాగూ సంతకం పెట్టాల్సిందే. దాంతోపాటు మరొకరు జాయింట్ స్పాన్సర్‌గా, అంటే జోడు జామీనుదారుగా పెట్టొచ్చు. వాళ్ళు చుట్టాలే కానక్కర్లేదు. పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయి, అక్కడే కాపురం ఉంటూ, తమ ఇంటి మనుషులతోపాటు వచ్చే మనిషిని కూడా కలుపుకుని లెక్క సరిపోతే చాలు.

సరే, మా వైపు బంధువు ఒకాయన అక్కడ బాగా స్థిరపడ్డారు. ఆయనకి నేనే ఫోను చేశాను. మర్యాదగా మాట్లాడారు. రెండు రోజులు టైమడిగారు. మూడోరోజు, “ఏమీ అనుకోకమ్మా, అది మాత్రం నావల్ల కాదు” అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క సంతకం! పైసా ఖర్చు లేదు. తండ్రి లేని పిల్ల. ఊరొస్తే మా ఇంట్లో నాలుగు రోజులుండి గోంగూర పచ్చడి జాడీ పట్టుకెళ్ళే మనిషి! మా ఇంట్లో ఆ సాయంత్రమంతా ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఏమేం అన్నామో ఇక్కడ రాయలేను.

ఆ కాగితం పూర్తిగా చదివింది ఆ తర్వాతే. చదివాక మా నాన్నగారు గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు ఆయన ఒక స్నేహితుడి చీటీ పాటకి జామీను సంతకం పెట్టారు. ఆ స్నేహితుడు పాట పాడి డబ్బు తీసుకుని కట్టడం మానేశాడు. రెండేళ్ళపాటు మా ఇంట్లో పండక్కి కొత్త బట్టలు లేవు. అమ్మ చేతి గాజులు రెండు వెళ్ళిపోయాయి. “సంతకం పెట్టేటప్పుడు కలం తేలిగ్గానే ఉంటుందే” అని అమ్మ ఎన్నిసార్లు అందో!

ఈ ఐ-864 సంతకం రెండేళ్ళతో తీరేది కాదు. వచ్చిన మనిషి అక్కడి పౌరసత్వం తీసుకోవాలి. లేదా అక్కడి పని లెక్క ప్రకారం 40 క్వార్టర్లు, అంటే దాదాపు పదేళ్ళ పని, ఖాతాలో పడాలి. లేదా గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్ళిపోవాలి. లేదా ఇద్దరిలో ఒకరు కన్నుమూయాలి. అంతవరకూ ఆ పూచీ నడుస్తూనే ఉంటుంది. వచ్చిన మనిషి ఆదాయాన్ని బట్టి ఇచ్చే కొన్ని ప్రభుత్వ సహాయాలు పుచ్చుకుంటే, ఆ డబ్బు కట్టమని సంతకం పెట్టినవాళ్ళని అడగొచ్చు. వీసా రాకముందు మనసు మారితే సంతకం వెనక్కి తీసుకోవచ్చు. మనిషి గ్రీన్‌కార్డుతో దిగాక కుదరదు.

ఇద్దరు పిల్లల చదువులు నెత్తిన పెట్టుకున్న ఆ మనిషి, పట్టుమని పదిసార్లు చూడని ఒక అబ్బాయి కోసం ఇంత బరువు మోయలేనన్నాడు. కాదనే హక్కు ఆయనకుంది. అసలు తప్పు నాది. నేను ఆయన్ని “ఒక్క సంతకం” అడిగాననుకున్నాను. నిజానికి పదేళ్ళ పూచీ అడిగాను. మళ్ళీ ఫోను చేసి ఆ మాటే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “చదివి అడిగినవాళ్ళు నువ్వే మొదటిదానివమ్మా” అన్నారు.

చివరికి దారి ఇంట్లోనే దొరికింది. ఒకే ఇంట్లో ఉండే తల్లి, తండ్రి, తోబుట్టువులు, పెద్దపిల్లలు ఐ-864ఎ అనే మరో ఒప్పందం మీద సంతకం పెట్టి తమ ఆదాయాన్ని కలపొచ్చు. మా అక్కకి హోటలు జీతం 16,000. కూతురిది 19,000. కలిపితే 35,000. అక్కని కూడా కలిపి ముగ్గురికి కావలసింది 33,312. గట్టెక్కింది! కానీ ఆ సంతకంతో అక్క కూడా అదే పూచీలో కూతురితో సమానంగా ఇరుక్కుంది. యాభైకి దగ్గరపడుతూ, మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషి. “నాకేమన్నా అయితే?” అని ఒక్కసారి అంది. ఆ వెంటనే, “పెట్టేశాలే” అంది.

విడాకులైనా తీరని బాకీ

ఇప్పుడు ఈ కాగితాన్ని అవతలి వైపు నుంచి చూద్దాం. ఎందుకంటే మన ఆడపిల్లల్లో ఎక్కువమంది ఉండేది అవతలి వైపే. పౌరుణ్ణో, గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణో చేసుకుని, అతని పూచీకత్తు మీద అక్కడ దిగేవాళ్ళు.

ఆ పిల్లలకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఐ-864 ప్రభుత్వానికీ మొగుడికీ మధ్య కాగితం మాత్రమే కాదు. దాని మీద వచ్చిన మనిషికి కూడా హక్కుంది. పోషణ ఆపేస్తే కోర్టుకి వెళ్ళి అడగొచ్చు. పేదరికపు గీతకి 125 శాతం, అంటే 2025 లెక్కన ఒంటరి మనిషికి ఏడాదికి 19,562 డాలర్లు. సొంత సంపాదన ఉంటే అది పోను మిగతాది.

విడాకులు ఇచ్చేస్తే? అప్పుడూ పోదు. పెళ్ళికి ముందే “ఏమీ అడగను” అని రాయించుకుంటే? అదీ చెల్లదు. విడాకుల తీర్పు గానీ, పెళ్ళికి ముందు రాసుకున్న ఒప్పందం గానీ ఈ బాధ్యతని రద్దు చెయ్యలేవని 2016లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. “ఆవిడ ఉద్యోగం వెతుక్కోవడం లేదు, అందుకని నేను ఇవ్వను” అన్న వాదన చెల్లదని 2012లో ఏడో సర్క్యూట్ కోర్టు చెప్పింది.

మరి వదిలేసిన మొగుళ్ళ కథలు మనం ఎన్ని వినలేదు? పిల్ల అక్కడ ఏ స్నేహితురాలి ఇంట్లోనో తలదాచుకుంటుంది. ఇక్కడ తల్లిదండ్రులు పెద్దమనుషుల చుట్టూ తిరుగుతారు. పెట్టెలో తాళిబొట్టు ఫోటోలూ, పెళ్ళి సీడీలూ ఉంటాయి గానీ, ఆ పూచీకత్తు నకలు మాత్రం ఉండదు. అసలలాంటిదొకటి ఉందనే తెలియదు. అయితే దీన్ని అల్లావుద్దీన్ దీపం అనుకోకూడదు. వకీలు కావాలి, వాయిదాలుంటాయి, అవతల మనిషి దగ్గర డబ్బుండాలి. అయినా హక్కుందని తెలిసిన పిల్ల మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. పౌరుడైన భర్తో, గ్రీన్‌కార్డు ఉన్న భర్తో హింసపెడుతుంటే, అతని సాయం లేకుండా భార్య తనంతట తానే అర్జీ పెట్టుకునే వీలు 1994 నుంచీ అక్కడి చట్టంలో ఉంది. భర్తలకీ ఉంది. అలాంటి అర్జీకి ఈ ఐ-864 పూచీకత్తు అక్కర్లేదు. “నేను సంతకం పెట్టకపోతే నువ్వు నీ ఊరు పోవాల్సిందే” అని బెదిరించేవాడి మాట పూర్తిగా నిజం కాదన్నమాట.

బ్రిటన్‌లో ఇంకా బిగువు

అమెరికానే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. బ్రిటన్ చూడండి. అక్కడ 2012 జులైలో, విదేశీ భార్యాభర్తల్ని పిలిపించుకునేవాళ్ళకి ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలని నియమం పెట్టారు. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టెయ్యలేదు గానీ, పిల్లల క్షేమాన్ని సరిగ్గా పట్టించుకోలేదని తప్పుపట్టింది. 2024 ఏప్రిల్ 11 నుంచి దాన్ని ఏకంగా 29,000 చేశారు. 38,700 దాకా తీసుకెళతామన్నారు గానీ, ఆ ఏడాదే ప్రభుత్వం మారి ఆ పెంపు ఆగింది. 2025 జూన్‌లో అక్కడి వలసల సలహా సంఘం 23,000 నుంచి 25,000 మధ్య ఉంచే దారి కూడా ఉందని సూచించింది.

2025 ఏప్రిల్‌లో అక్కడ పెద్దవాళ్ళ కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు. వారానికి ముప్ఫై ఏడున్నర గంటలు చేస్తే ఏడాదికి 23,800 దాటి కొంచెం. అంటే అక్కడ కూడా కనీస వేతనం మీద పనిచేసేవాళ్ళు 29,000 గీతకి కిందే. పైగా అమెరికాలో లాగా మూడో మనిషి పూచీ పడతానంటే మామూలుగా ఒప్పుకోరు. ఒక దేశం తల్లినీ, చుట్టాన్నీ సంతకం అడిగితే, ఇంకో దేశం వాళ్ళ సంతకమే అక్కర్లేదంటుంది. ఏది నయమో నాకు తోచలేదు.

అమెరికాలోనూ గాలి మారుతోంది. సర్కారుకి భారమవుతారా లేదా అన్నది తేల్చేది చివరికి వీసా అధికారే. అతను సంతకాలతోపాటు వచ్చే మనిషి వయసు, ఆరోగ్యం, చదువు, ఆస్తి అన్నీ చూస్తాడు. 2019లో ఆ నియమాల్ని బిగించారు, 2022లో సడలించారు. 2025 నవంబరులో మళ్ళీ మార్చే ప్రతిపాదన తెచ్చారు. 2026 జనవరిలో ఇదే కారణం చెప్పి 75 దేశాల వాళ్ళకి ఇమిగ్రెంట్ వీసాలు ఆపేశారు. ఆ జాబితాలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ ఉన్నాయి. మన దేశం లేదు. లేదు గదా అని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయే రోజులు కావివి.

నా ఆదాయం సున్నా

ఈ లెక్కలన్నీ వేశాక ఒక రాత్రి సరదాకి నా లెక్క కూడా వేసుకున్నాను. నేను అమెరికా పౌరురాలినై, మా వారిని పిలిపించుకోవాల్సి వస్తే? నా ఆదాయం గడిలో ఏం రాయాలి? సున్నా. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదకొండింటికి నడుం వాల్చే నేను ఆ కాగితం ప్రకారం ఎవర్నీ పోషించలేను. కథలకి వచ్చే పారితోషికం రాస్తే అధికారి నవ్వుతాడేమో!

పిలిపించుకునే మనిషిని జీతం చీటీతో కొలిచే ప్రతి చట్టం ముందుగా తగిలేది ఆడవాళ్ళకే. చంటిపిల్ల కోసం ఉద్యోగం మానేసినామెకి, అత్తగారికి సేవ చేస్తూ సగం రోజు పనికి వెళ్ళేవాళ్ళకి, చదువుకుంటూ దుకాణంలో నిలబడే మా పిల్లకి. సర్కారు సొమ్ము పాలు కాకూడదన్న వాళ్ళ ఆలోచన తప్పని నేననను. మన ఇంట్లోకి మనిషి వస్తుంటే మనమూ గిన్నెలో బియ్యం చూసుకుంటాం. కానీ వచ్చే మనిషికి రెండు చేతులున్నాయి, లెక్చరరుగా పనిచేసిన అనుభవం ఉంది. అక్కడ దిగిన ఏడాదిలో అతను సంపాదించబోయే జీతానికి కాగితం మీద చోటు లేకపోవడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ఇల్లాలి పనికి ఆ చట్టంలో చిన్న చోటు ఒకటుంది. నేను చెప్పిన ఆ 40 క్వార్టర్ల లెక్కలో, కాపురం చేసిన కాలంలో భాగస్వామి చేసిన పని కూడా కలుస్తుంది. ఆ పెళ్ళి నిలిచి ఉండాలి, లేదా ఆ భాగస్వామి చనిపోయి ఉండాలి. ఇంట్లో ఉన్న భార్య ఖాతాలో భర్త పని కూడా పడుతుందన్నమాట. విడాకులైతే మాత్రం ఆ లెక్క పోతుంది.

పెళ్ళికి ముందే అడగండి

మనం జాతకాలు చూస్తాం, గోత్రాలు చూస్తాం, కట్నాల దగ్గర గంటలు గంటలు మాట్లాడతాం. విదేశీ సంబంధమైతే ఇంకో నాలుగు మాటలు కూడా అడుగుదాం. పిలిపించుకునేవాళ్ళకి పౌరసత్వమా, గ్రీన్‌కార్డా, తాత్కాలిక వీసానా? కిందటేడు పన్ను కాగితంలో ఆదాయం ఎంత? వాళ్ళ పూచీ మీద ఇప్పటికే ఎవరెవరున్నారు? ఆదాయం చాలకపోతే తోడు సంతకం పెట్టేదెవరు, ఆ మనిషి కాగితం చదివారా? ఇది అనుమానించడం కాదు. తక్కువ జీతం ఉన్నవాళ్ళు సంబంధానికి పనికిరారని కూడా కాదు. తెలిసుంటే రెండు వైపులా కలిసి దారి వెతుక్కోవచ్చు. తెలియకపోతే పెళ్ళయ్యాక రెండేళ్ళు ఫోన్లలో కాపురం చెయ్యాలి, మా పిల్లలాగా.

వెళ్ళే పిల్ల తన పాస్‌పోర్టుతోపాటు ఆ ఐ-864 నకలు, పన్ను కాగితాల నకళ్ళు తన దగ్గర ఒకటి, పుట్టింట్లో ఒకటి ఉంచుకోవాలి. అవి అడిగితే ముఖం మాడ్చుకునే పెళ్ళికొడుకైతే, ఆ ముఖం పెళ్ళికి ముందే చూడటం మంచిది.

మా అబ్బాయికి 2025 చివర్లో ముంబైలో ఇంటర్వ్యూ అయింది. వీసా వచ్చింది. వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అన్నం తిన్నాక నేను ఆ రెండు సంతకాల నకళ్ళు తీసి అతని ముందు పెట్టాను. “నాన్నా, ఒకటి గంటల జీతం తీసుకునే నీ భార్యది. ఇంకోటి హోటలు వంటింట్లో నిలబడే మీ అత్తగారిది. నువ్వు అక్కడ నీ కాళ్ళ మీద నిలబడేదాకా నీ భారమంతా ఈ ఇద్దరిదీ” అన్నాను.

అతను పేజీలన్నీ నిదానంగా తిప్పి చదివాడు. “ఇవి నాకెవరూ చూపించలేదు పిన్నిగారూ” అన్నాడు. నకళ్ళు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిన మూడోవారంలో అక్క ఫోను చేసింది. అల్లుడు ఒక గిడ్డంగిలో పనికి కుదిరాడట. అక్కడ కాలేజీలో పాఠం చెప్పడానికి ఏమేం పరీక్షలు రాయాలో కనుక్కుంటున్నాడట. “మొదటి జీతం రాగానే నన్ను మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళతానన్నాడే” అంది. ఈసారి ఆ గొంతులో భయం వినిపించలేదు.